విమానానికి టోపీ

"ఎవరికి టోపీ పెట్టావు?"

"విమానానికి."

"ఒక్కడివే పెట్టావా, తోడెవరైనా ఉన్నారా?"

"ఇద్దరు పట్టుకున్నారు. పెట్టింది నేనే."

"ఇలా ఎన్నేళ్ళ నుంచి పెడుతున్నావు?"

"తొమ్మిదేళ్ళ నుంచి. ఇంతవరకు ఒక్కరూ వంక పెట్టలేదు."

డిటెక్టివ్ ఆ వాంగ్మూలాన్ని మూడోసారి చదివి బల్ల మీద పెట్టింది. అడుగున పెద్ద మేస్త్రి సంతకం, దాని పక్కన భద్రతాధికారి ముద్ర, ఆ ముద్ర చెరిగిపోకుండా దాని మీద ఇంకో ముద్ర. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె చాలా నేరాంగీకారాలు చూసింది. ఏడుస్తూ ఒప్పుకున్నవాళ్ళున్నారు, తిడుతూ ఒప్పుకున్నవాళ్ళున్నారు. కూతురి పెళ్ళి కబురు చెప్పినంత నింపాదిగా ఒప్పుకున్న మనిషిని మాత్రం ఇదే చూడడం.

"ఇంతకన్నా ఏం కావాలి మేడమ్?" అన్నాడు ఎదురుగా కూర్చున్న భద్రతాధికారి. కార్ఖానాలో అందరూ ఆయన్ని 'సీలు దొర' అంటారు, ఆయన వినకుండా. తాళం వేసిన గదికి సీలు వేస్తాడు, ఆ తాళంచెవిని కవరులో పెట్టి దానికీ సీలు వేస్తాడు. "టైము ఒంటిగంట ఇరవై. నాలుగింటికి బండి వస్తుంది, ముసలాయన్ని కేంద్ర నిఘా వాళ్ళకి అప్పజెప్పేస్తాం. ఆ తర్వాత మీరు చూద్దామన్నా కుదరదు, ఆయన పెళ్ళాం చూద్దామన్నా కుదరదు."

"నాలుగింటి దాకా కేసు నాది. కార్ఖానా డైరెక్టరు గారి ఉత్తరం ఉంది."

"ఉంది, కాదనను. దాని మీద నా సీలు లేదు, అంతే."

మూడు రోజుల నుంచీ ఇదే వరస. ఏదడిగినా 'అది రహస్యం'. విమానం ఎక్కడుందంటే రహస్యం, ఎప్పుడు ఎగిరిందంటే రహస్యం. మొదటిరోజు మరుగుదొడ్డి ఎటు అని అడిగితే కాపలావాడు రెండు క్షణాలు ఆలోచించి మరీ చూపించాడు. ఫోను గేటు దగ్గరే తీసుకుని సీలు వేశారు. ముళ్ళకంపలో పడ్డ దూడలా ఆమె ఎటు కదిలినా ఏదో ఒకటి పట్టి లాగుతూనే ఉంది.

ఇంత చేసి తేలింది కొంచెమే. పదహారేళ్ళుగా ఈ కార్ఖానా సొంతంగా ఒక యుద్ధ విమానం తయారుచేస్తోంది. దాని ముక్కులో ఉండే రాడార్ కూడా సొంతమే. ఇన్నాళ్ళూ బయటినుంచి తెచ్చుకున్నది ఈసారి ఇక్కడే పుట్టింది. సోమవారం పొద్దున నేల మీద పరీక్షిస్తే వంక లేదు. మంగళవారం పెద్దలందరూ చూస్తుండగా గాలిలోకి లేచాక, ఎదురుగా ఒక్క విమానం వస్తుంటే అదే రాడార్ రెండు చూపించింది. ఉన్నదాన్ని కూడా ఉన్నచోట కాకుండా పక్కకి చూపించింది. సోమవారం పదకొండూ ఇరవైకి పెద్ద మేస్త్రి రాడార్ విభాగానికి చేసిన ఫోను సీలు దొర రికార్డుల్లో దొరికింది: "టోపీ పెట్టేశానండీ, ఇక మీ ఇష్టం." మంగళవారం సాయంత్రానికి పెద్దలు వెళ్ళిపోయారు, రాత్రికి మేస్త్రి లోపలున్నాడు.

"ఈ కాగితం రాడార్ విభాగం వాళ్ళకి చూపించారా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఎలా చూపిస్తాం? రహస్యం కదా!"

*

పెద్ద మేస్త్రిని పాత టైర్లు పెట్టే గదిలో ఉంచారు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తిరగేసిన డబ్బా మీద నిటారుగా కూర్చున్నాడు. నీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు కానీ తాగలేదు.

"మీ మీద ఉన్న నేరం ఏమిటో తెలుసా మేస్త్రి గారూ?"

"చెప్పలేదమ్మా. రహస్యమట."

"మరి సంతకం ఎలా పెట్టారు?"

"అడిగినవాటికి జవాబులు చెప్పాను. అందులో అబద్ధం లేదు. పెట్టాను."

"టోపీ పెట్టానని మీరే చెప్పారు."

"పెట్టానమ్మా. పెట్టకపోతే ఎలా? వానొస్తే రాడార్ తడవదూ?"

డిటెక్టివ్ చేతిలో కలం ఆగిపోయింది. "ఏమన్నారు?"

"రాడార్ మీద టోపీ. విమానం ముక్కు చివర ఉంటుందే, కోసుగా, గాజుపీచుతో పోత పోసింది. పుస్తకంలో దానికేదో బారెడు పేరుంది. మేం టోపీ అంటాం. సోమవారం పెట్టి, పెట్టేశానని వాళ్ళకి ఫోను కొట్టాను. ఎందుకమ్మా అలా చూస్తున్నావు?"

ఆమె జవాబు చెప్పకుండా వాంగ్మూలం ఆయన ముందు పెట్టింది. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని మొదటి ప్రశ్న చదివాడు, రెండోది చదివాడు. మూడో దాని దగ్గర నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు, అది నవ్వు వల్ల కాదు.

"మూడు రోజుల నుంచి నన్ను మోసగాడనుకుంటున్నారా తల్లీ? ముప్ఫయ్యొక్కేళ్ళు ఇక్కడ పనిచేశాను. ఇంట్లో మా ఆవిడ ఏమనుకుంటోందో!"

డిటెక్టివ్ ఆ గదిలోంచే అరిచి సీలు దొరని పిలిపించింది. ఆయన విన్నాడు. మొహం ఒక్క క్షణం ఎర్రబడింది, వెంటనే మామూలైపోయింది.

"సరే. మాటకి అర్థం మారింది. మరి విమానం బాగుపడిందా? పొద్దున బాగున్న రాడార్ మర్నాటికి చెడింది. మధ్యలో దాని మీద చెయ్యి వేసింది ఈయన ఒక్కడే."

"ఈయన ఒక్కడే అని మీకెవరు చెప్పారు?"

"నా రిజిస్టర్ చెప్పింది."

"చూపించండి."

"అది..."

"రహస్యం! తెలుసు. వెళ్ళండి."

ఆయన వెళ్ళాక ఆమె గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. ఇంతచేసీ మొదటికే వచ్చింది వ్యవహారం. మేస్త్రి మెల్లిగా అన్నాడు, "నేను పెట్టాక దాన్ని ఎవరైనా తీశారో లేదో రిజిస్టర్ ఎందుకమ్మా? గీతలు చూసుకో."

"ఏం గీతలు?"

"టోపీకి ఇరవై నాలుగు స్క్రూలు. బిగించాక ఒక్కో స్క్రూ తల మీదుగా పక్క రేకు దాకా ఎర్రరంగుతో కుంచె గీత గీస్తాం. ఎవడైనా తిప్పితే గీత రెండు ముక్కలై తెలిసిపోతుంది."

"తిప్పినవాడు పాతది తుడిచేసి కొత్త గీత గీస్తే?"

మేస్త్రి ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. "ఈ చేత్తో గీస్తాను నేను. కుడినుంచి ఎడమకి. మొదలు లావుగా, చివర సన్నంగా వస్తుంది. నా గీతకి తోక ఎడమవైపుంటుంది. మిగతావాళ్ళందరికీ కుడివైపు."

టైము రెండూ అయిదు.

*

విమానాన్ని హ్యాంగర్‌లో ఒక మూలకి నెట్టి, చుట్టూ తాడు కట్టారు. తాడు ముడులకి నాలుగు వైపులా లక్క సీళ్ళు. రాడార్ తయారుచేసినవాళ్ళు టోపీ విప్పి చూస్తామని మూడు రోజులుగా మొత్తుకుంటున్నా, సాక్ష్యం చెడిపోతుందని సీలు దొర దగ్గరికి రానివ్వలేదు.

డిటెక్టివ్ తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్ళింది. కాపలావాడు "మేడమ్ మేడమ్" అంటూ చేతులు ఊపాడు కానీ తాడు దాటడానికి అతనికీ అనుమతి లేదు.

ఆమె మొదటి స్క్రూ చూసింది. గీత మొదలు ఎడమన లావుగా ఉంది, తోక కుడివైపుకి సన్నబడింది. రెండోదీ అంతే. టార్చి పట్టుకుని, మెడ పట్టేసేదాకా వంగి, ఇరవై నాలుగూ చూసింది. మేస్త్రి గీత ఒక్కటి కూడా లేదు.

"పానా ఎవరిక్కడ?" అని అడిగింది. టోపీ పట్టుకున్న ఇద్దరిలో ఒకరి పేరుగా మేస్త్రి ఆ మాట చెప్పాడు.

ముప్ఫై దాటిన ఫిట్టరు ఒకామె ముందుకొచ్చింది. చెవి మీద పెన్సిలు, జేబులోంచి తొంగిచూస్తున్న పానా. "నేనేనండి. నాకేం తెలీదండి."

"నేనింకా ఏం అడగలేదు."

"అడిగినా తెలీదనే చెప్పాలండి."

"ఈ గీతలు నువ్వు గీశావు. నీది కుడిచెయ్యి."

"ఇక్కడ అందరివీ కుడిచేతులేనండి, మా మేస్త్రి తప్ప."

"అదే నేనూ అంటున్నది. అందరివీ కుడిచేతులే, మీ మేస్త్రి ఒక్కడూ టైర్ల గదిలో కూర్చున్నాడు. నాలుగింటికి ఆయన్ని బండెక్కిస్తారు. ఆ తర్వాత ఆయనకి పగలో రాత్రో కూడా తెలీదు. నీకు పని నేర్పింది ఎవరు?"

పానా కింది పెదవి కొరుక్కుంది. కాపలావాడి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"సోమవారం రెండూ పదికండి, అందరూ భోజనాలకి పోయినప్పుడు. భద్రతవాళ్ళు ఇద్దరొచ్చారు. టోపీ విప్పమన్నారు, విప్పాను. అటు తిరిగి నిలబడమన్నారు, నిలబడ్డాను. మూడు నిమిషాలు పట్టింది. మళ్ళీ బిగించి గీతలు గియ్యమన్నారు. ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చెప్తే ఉద్యోగం పోతుందట."

"అలాంటి కాగితం ఉందని కూడా ఎవరికీ చెప్పలేదే?"

"ఉందని చెప్పినా పోతుందటండి."

డిటెక్టివ్‌కి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నిందితుడి ఎదుటే టోపీ విప్పాలని డైరెక్టరు ఉత్తరం వెనక రాసి, మేస్త్రిని తెప్పించడానికి మనిషిని పంపింది. ఆయన వచ్చేసరికి మూడు కావస్తోంది. ముక్కు మీది లక్కసీలు ఆమె తన గోటితోనే గిల్లి పారేసింది. పానా ఒక్కో స్క్రూ తీసి డబ్బాలో వేస్తుంటే, మేస్త్రి పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై నాలుగోది పడగానే ఇద్దరూ రెండువైపులా పట్టి, పసిబిడ్డని దించినట్టు టోపీ దించి గుడ్డ మీద వెల్లకిలా పెట్టారు.

టార్చి వెలుగు లోపల పడగానే ఏదో తళుక్కుమంది.

అరచేతంత వెండిరంగు స్టిక్కరు. పల్చటి లోహపు రేకు. మీద నంబరు రెండువందల ఏడు, దాని కింద నల్లటి అక్షరాలు: 'భద్రతా విభాగం. తొలగించినవారు శిక్షార్హులు.'

మేస్త్రి వంగి గోటితో దాన్ని తట్టి చూశాడు.

"ఏమిటిది?" అంది డిటెక్టివ్.

"రాడార్ తరంగం టోపీలోంచి బయటికి పోవాలమ్మా, కిటికీ గాజులోంచి వెలుగు పోయినట్టు. అందుకే గాజుపీచు. లోపల గుండుసూదంత లోహం ఉండకూడదు. పెట్టేటప్పుడు వీళ్ళ ఉంగరాలు కూడా తీయించేస్తాను నేను. ఎవడో కిటికీకి మొహం చూసుకునే అద్దం అంటించాడు! అద్దం మీద పడ్డది పక్కకి పోక ఎటు పోతుంది? ఒకటి రెండుగా కనబడక ఏమవుతుంది?"

శత్రువు లేడు, గూఢచారీ లేడు. పదహారేళ్ళ పని మీద ఒక గుమాస్తా బుద్ధి స్టిక్కరు అంటించి పోయింది. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండిపోయింది.

*

సీలు దొర మూడూ ఇరవైకి వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులతో. తెగిపడ్డ లక్కసీలు చూశాడు, వెల్లకిలా పడున్న టోపీ చూశాడు.

"నా సీలు తీయడానికి నీకు..."

"మీరు అనండి. మీ సీలు ఒక్కటే తీశాను. రెండోది తీయలేదు, మీకోసం ఉంచాను. లోపలికి చూడండి."

ఆయన వంగాడు.

"రహస్య సీలు," అన్నాడు. "టోపీ ఎవరైనా విప్పితే మనకి తెలియడానికి. నా ఆలోచనే. పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా."

"రాడార్ వాళ్ళని ఒక్క మాట అడిగారా?"

"అడిగితే రహస్యం ఎలా అవుతుంది?"

"ఇక మేస్త్రి గారిని ఇంటికి పంపించండి."

సీలు దొర లేచి నిలబడ్డాడు. చెయ్యి టోపీలోకి వెళ్ళి చర్రుమని ఒక్క లాగు లాగింది. స్టిక్కరు ఉండచుట్టుకుని ఆయన జేబులోకి పోయింది. డిటెక్టివ్ ముందుకి దూకింది. వెనక మనుషులిద్దరూ అడ్డం నిలబడ్డారు.

"అది విభాగం ఆస్తి," అన్నాడు. ఆ గొంతులో బెదిరింపు లేదు, భయం ఉంది. అదే ఎక్కువ ప్రమాదమనిపించింది ఆమెకి.

సరిగ్గా అప్పుడు బయట రన్‌వే వైపు నుంచి ఇంజను చప్పుడు మొదలైంది. హ్యాంగర్ రేకులు సన్నగా వణికాయి. మేస్త్రి తలెత్తాడు.

"అయ్యా, ఒక్క ముక్కుకే అంటించారా?"

సీలు దొర జేబు మీద చెయ్యి అదిమి పెట్టుకున్నాడు.

"అయ్యా! ఇదే రకం రెండో విమానం లేస్తోంది. దానికీ అంటించారా?"

"నిన్న మధ్యాహ్నం," అన్నాడు సీలు దొర. పక్కనే ఉన్న పానా తల వంచుకుంది.

మేస్త్రి డిటెక్టివ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇవాళ నిజం క్షిపణి పెట్టి పంపిస్తున్నారమ్మా. కొట్టాల్సింది మనుషుల్లేని చిన్న విమానాన్ని. దాని పక్కనే ఫోటోలు తీసే విమానం ఎగురుతుంది. అందులో ఇద్దరుంటారు. ఈ రాడార్ ఒకదాన్ని చూసి ఇంకోచోట ఉందంటుంది..."

మిగతాది ఆయన చెప్పనక్కర్లేదు. సీలు దొర నడుముకి ఉన్న వైర్‌లెస్ మీదే పడ్డాయి అందరి కళ్ళూ. క్షిపణి పరీక్ష రోజు మూడు గంటల నుంచి కార్ఖానాలో ఫోన్లన్నీ కోసేస్తారు. టవర్‌తో మాట్లాడేది అదొక్కటే, అదీ ఆయన గొంతుకే పలుకుతారు.

"ఆపమని చెప్పండి!" అంది డిటెక్టివ్.

"ఎందుకని అడుగుతారు."

"ఉన్నదే చెప్పండి."

"కారణం లేకుండా ఆపితే నేనే కారణమవుతాను మేడమ్." ఆయన నుదురు తుడుచుకున్నాడు. ఫైలు తెరిచి ఒక తెల్లకాగితం తీశాడు. "నాకొక కారణం కావాలి. మా గదిలోంచి స్టిక్కర్లు దొంగిలించి రెండు విమానాల్లోనూ అంటించానని ఈయన ఒప్పుకుంటే, ఈ క్షణంలో ఆపుతాను."

"రెండోది అంటించిననాటికి ఆయన మీ టైర్ల గదిలో ఉన్నాడు!"

"తేదీ నేను వేసుకుంటాను."

"మీరు మనిషేనా?"

"పిల్లలున్నవాణ్ణి," అన్నాడు సీలు దొర. కాగితం ఇంకా ముందుకి చాపాడు.

ఇంజను చప్పుడు పెద్దదైంది. డిటెక్టివ్ ఆయన నడుము మీది వైర్‌లెస్ లాక్కోబోయింది. ఇద్దరు మనుషులు ఆమె భుజాలు పట్టి వెనక్కి నెట్టారు. "పానా, రన్‌వేకి పరిగెత్తు!" అని అరిచింది. పానా పరిగెత్తింది కూడా, కానీ తలుపు దగ్గర కాపలావాడు తుపాకి అడ్డంపెట్టాడు.

"కలం ఇలా ఇవ్వండయ్యా," అన్నాడు మేస్త్రి.

"వద్దు బాబాయ్! పెట్టొద్దు!" నోట్లోంచి ఆ పిలుపు ఎలా వచ్చిందో డిటెక్టివ్‌కే తెలియదు.

"నువ్వుండమ్మా. ఆ ఫోటోల విమానం నడిపేవాడు పోయిన వారమే పుట్టిన కొడుకు ఫోటో తెచ్చి హ్యాంగరంతా తిప్పాడు." తెల్లకాగితం కింద, మాటల్లేని చోట, ఆయన సంతకం పెట్టాడు. "రాతంతా మీరు రాసుకోండి దొరా. ముందు ఆపండి."

సీలు దొర బటన్ నొక్కాడు. గొంతు ఇట్టే అధికారిది అయిపోయింది. "టవర్, ఆపండి. విద్రోహచర్య. నేరస్థుడు ఒప్పుకున్నాడు. విమానాన్ని కదలనివ్వకండి."

రేకుల వణుకు తగ్గింది. చప్పుడు సన్నబడి, ఈలలా సాగి, ఆగిపోయింది. టైము మూడూ నలభై ఒకటి.

పంతొమ్మిది నిమిషాల ముందే బండి తలుపు దగ్గరకొచ్చింది. ఇద్దరు మనుషులూ మేస్త్రిని చెరో రెక్కా పట్టుకున్నారు. డిటెక్టివ్ పక్కనే నడిచింది.

"ఎందుకు పెట్టావు బాబాయ్? స్టిక్కరు వాడి జేబులో ఉంది. పానా నోరు వాడి కాగితంలో ఉంది. నీ సంతకం వాడి ఫైల్లో ఉంది. ఇక నా చేతిలో ఏముంది?"

బండి మెట్టు మీద కాలు పెట్టి ముసలాయన వెనక్కి వంగాడు. కాపలావాళ్ళకి వినబడనంత మెల్లిగా అన్నాడు.

"విమానాన్ని నేను ఆపాను. ఈ బండిని ఆపడం నీ పని. రెండోది రన్‌వే మీదే ఉంది, దాని టోపీలో ఇంకొకటి చెక్కుచెదరకుండా ఉంది. పరిగెత్తమ్మా."

తలుపు మూసుకుంది. బండి గేటు వైపు తిరిగింది.

డిటెక్టివ్ గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. సీలు దొర హ్యాంగర్‌లో లేడు. టోపీ స్క్రూలు విప్పాక బల్ల మీద పెట్టిన పెద్ద పానా కూడా లేదు. దూరంగా ఆయన జీపు దుమ్ము రేపుకుంటూ పోతోంది, గేటు వైపు కాదు, రన్‌వే వైపు.